వీరరాఘవయ్య దాచుకోబోయిన తిట్లు

ఫిల్మ్ నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్లో యంత్రాలు బాగుచేసే వీరరాఘవయ్యను అక్కడందరూ ఫ్యూజు రాఘవయ్య అంటారు. ఆయన చెయ్యిపెట్టిన ప్రతి యంత్రమూ బాగుపడుతుంది, కాకపోతే బాగుపడే ముందు ఒకసారి కాలుతుంది. కృష్ణానగర్‌లోని రేకుల ఇంట్లో యంత్రాలకు కరెంటు అందించడానికి ఆయన స్వహస్తాలతో తయారుచేసిన పవర్ సప్లై ఒకటుంది. అది వేడెక్కి కిందటేడు టేబుల్ గుడ్డను మింగేసింది.

భార్య సత్యలక్ష్మి డబ్బింగ్ ఆర్టిస్టు. హీరోయిన్ల తల్లులూ, పక్కింటి గయ్యాళులూ, శవం చుట్టూ ఏడ్చే ఆడవాళ్లూ, అందరికీ ఆవిడ గొంతే. ఆ మే నెలలో డాక్టరు ఆ గొంతులో గడ్డ ఉందన్నాడు. ఆపరేషన్ చేస్తే మనిషి దక్కుతుంది, మాట దక్కదు. వచ్చే గురువారమే ఆపరేషన్.

"ఇంట్లో ఎవరూ ఏడవడానికి వీల్లేదు. సినిమాల్లో నేను ఏడ్చింది చాలు," అనేసింది సత్యలక్ష్మి.

రాఘవయ్య దిగులు వేరు. సినిమాల్లో ఆవిడ గొంతు కావలసినంత ఉంది గానీ, అవన్నీ ఎవరో రాసిన మాటలు. తనను తిట్టే గొంతు ఎక్కడా లేదు. దాన్ని ఎలాగైనా దాచుకోవాలనుకున్నాడు. థియేటర్లో మూలపడిన టేప్ రికార్డరు తెచ్చి, మంచం కింద పెట్టి, పవర్ సప్లైకి తగిలించాడు.

అది మళ్లీ కాలితే గుట్టు బయటపడుతుంది కదా! అందుకని వేడిని లాగేసే దాని అల్యూమినియం రెక్కలకు మిరియపు గింజంత సెన్సార్ అతికించాడు. వేడి హద్దు దాటితే కరెంటు దానంతటదే ఆగిపోతుంది. ఆ హద్దేమిటో థియేటర్లో కూర్చుని తీరిగ్గా సరిచూసుకున్నాడు.

ఇక మిగిలింది తిట్టించుకోవడం.

"ఏమే, పప్పులో ఉప్పేదీ?"

"పప్పింకా పొయ్యి మీదే ఉందండీ. మీరు తింటున్నది కందిపొడి."

"మన పెళ్లిలో మీ తమ్ముడు నా చెప్పులు మార్చేశాడు!"

"కుడిది ఎడమకీ ఎడమది కుడికీ తొడుక్కుని వాణ్ణి తిట్టారు. నా గొంతుతో పాటు మీ బుర్ర కూడా డాక్టరుకి చూపించాల్సింది!"

రాఘవయ్య పైకి మూతి ముడుచుకుని లోపల మురిసిపోయాడు.

బుధవారం ఆవిడ గుడికి వెళ్లగానే టేపు పెట్టుకుని విన్నాడు. "పప్పులో ఉప్పేదీ?" అంది తన గొంతు. ఆ వెంటనే "చెప్పులు మార్చేశాడు!" అంది, అదీ తన గొంతే. చివరిదాకా తన గొంతే. అప్పుడు వెలిగింది ఆయనకి. థియేటర్లో ఎప్పుడూ ఏసీ ఉంటుంది. ఆ చలిలో పెట్టిన హద్దు, మే నెలలో రేకుల కింద ఎంతసేపు నిలుస్తుంది? తను మీట నొక్కి ఒక మాట అనేలోగా అది వేడెక్కి, ప్రతిసారీ ఆవిడ నోరు తెరిచేసరికల్లా కరెంటు ఆగిపోయింది.

వారమంతా పెళ్లాన్ని సాధించి ఇదా తను సంపాదించింది! నేలమీద కూలబడి ఏడ్చాడు.

సత్యలక్ష్మి వచ్చి గుమ్మంలోనే చూసింది. "థియేటర్లో సెలవు చెప్పి రండి," అని ఆయన్ని బయటికి పంపింది. మర్నాడు తన కాళ్లమీద తనే ఆస్పత్రిలోకి నడిచింది.

ఆవిడ ఇంటికొచ్చాక, ఆవిడ మాట వినపడని ఇల్లు ఇల్లులా లేదు. ఒక మధ్యాహ్నం మంచం కింది సరంజామా అంతా ఆవిడే బయటికి లాగింది. జ్వరం వచ్చిన పిల్లాడి నుదుటి మీద వేసినట్టు పవర్ సప్లై రెక్కల మీద తడిగుడ్డ వేసింది.

"షాక్ కొడుతుందే, తియ్యి!"

ఆవిడ తియ్యలేదు. టేపు మీట నొక్కింది.

"కొట్టదు. గట్టిగా పిండే వేశాను, అరవకండి," అంది టేపులో సత్యలక్ష్మి.

రాఘవయ్య వంగి టేపు వంక చూశాడు. "నీకెలా తెలుసే?"

"ఉప్పు లేదంటూ మంచం కిందకి చూస్తే తెలియదా?"

డబ్బింగ్‌లో అవతలి మనిషి లేకపోయినా, అతని మాటకు పట్టేంత సేపు ఆగి తన మాట చెప్పడం ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య. ఆ బుధవారం ఆయన్ని బయటికి పంపాక, మొగుడు ఏమంటాడో ఊహించి, ప్రతి మాటకూ చోటు వదిలి మరీ రికార్డు చేసింది.

"అప్పుడే చెప్పొచ్చుగా!"

"చెబితే పోట్లాట మానేసి ఏడుస్తూ కూర్చునేవారు. మాటున్న ఆ నాలుగు రోజులూ మీతో పోట్లాడుతూ గడపాలనిపించిందండీ."

రాఘవయ్య కండువాతో మొహం కప్పుకున్నాడు. సత్యలక్ష్మి పెదాలు బిగించి ఆయన వంకే చూస్తోంది. టేపు ఉత్తినే తిరుగుతోంది, ఈసారి చాలాసేపు తిరిగింది.

"చూశారా, జవాబు లేదు," అంది ఆఖరికి టేపులో గొంతు. "ఇన్నేళ్లకి నేను గెలిచాను."