నయమైన నూరో మనిషి

మా పట్టణంలో క్షయ వ్యాధిని నూటికి నూరు శాతం నిర్మూలించారన్న శుభవార్తను ప్రజలకు చేరవేసే భాగ్యం నాకు దక్కింది. నాది మైకు సెట్ల షాపు. ఆరోగ్యశాఖ వారి ఆటోలో కూర్చుని, "శనివారం టౌన్‌హాల్లో విజయోత్సవం! సాక్షాత్తూ మంత్రిగారే వస్తున్నారు! మీ ఊపిరితిత్తులకు ఇక ఏ భయమూ లేదు!" అని వీధి వీధీ చెప్పుకుంటూ వెళ్లాను.

కుట్టుపని గది దగ్గరికొచ్చేసరికి మా పిన్ని వరండాలో మిషన్ తొక్కుతూ, దగ్గుతూ కనిపించింది. లోపల ఆరుగురు ఆడవాళ్లు స్కూలు యూనిఫారాలు కుడుతున్నారు. ఎక్స్‌రేలో క్షయ అని తేలిన రోజే, వాళ్లకు అంటుతుందేమోనని తన మిషన్ తనే బయటికి ఈడ్చుకొచ్చింది. అంత చదువుకున్న శాఖకు తట్టని ఉపాయం ఏడో తరగతి చదివిన మనిషికి తట్టడం, ఏమిటో, నాకు కాస్త ఇబ్బందిగానే అనిపించింది.

"ఏరా, క్షయ పోయిందని అరుస్తున్నావు. మరి నాకున్నదేంటి?"

"ఇంకా ఆఫీసుకు తెలిసి ఉండదు పిన్నీ."

"తెలియకపోవడమేంటి? బిళ్లల కోసం మూడుసార్లు తిరిగాను కదరా!"

తిరిగిన మాట నిజం. మా ఆరోగ్యశాఖలో పద్నాలుగు పథకాలకు పద్నాలుగు గదులున్నాయి. గదికో పోస్టరు, పోస్టరుకో నవ్వే కుటుంబం. తలుపు దాటి వచ్చిన మనిషిని ఖాళీ చేతులతో పంపకూడదని వారి నియమం. పిన్ని మొదటిసారి వెళ్లినప్పుడు గుమ్మం పక్క గదివాళ్లు పట్టుకుని, చేతులు శుభ్రంగా కడుక్కోవడం ఎలాగో అరగంట నేర్పి, సంతకం పెట్టించుకున్నారు. రెండోసారి బరువు తగ్గించే గదివాళ్లు పట్టుకున్నారు. అప్పటికే చిక్కి సగమైన మనిషిని చూసి, మంచి ఫలితాలొస్తున్నాయని మెచ్చుకున్నారు. మూడోసారి క్షయ గది దాకా వెళ్లగలిగింది గానీ, టార్గెట్ పూర్తయింది కాబట్టి తాళం వేసి ఉంది.

నాలుగోసారి తోడుగా నేనూ వెళ్లాను. విజయోత్సవం లెక్కల కోసం ఆ రోజు గది తాళం తీశారు. క్షయ గది గుమాస్తా రిజిస్టరు తిరగేసి, పిన్ని పేరు మీద వేలు పెట్టి, మొహం చాటంత చేసుకున్నాడు.

"అమ్మా, మీకు పోయిన నెలే నయమైపోయింది!"

"నాకా? ఎవరు చెప్పారు బాబూ?"

"రిజిస్టరే చెప్తోంది. వందమందిని నయం చెయ్యమని పైనుంచి టార్గెట్. తొంభై తొమ్మిది దగ్గర ఆగిపోయాం. చేతులు కడుక్కునే గది లిస్టులో మీ సంతకం కనిపించింది. వందో పేరు మీదే."

"మిగతా తొంభై తొమ్మిది పేర్లూ అక్కడివేనా సార్?" అన్నాను.

"అవునయ్యా. వాళ్లకు అసలు జబ్బే లేదు, కాబట్టి నయమవడంలో ఏ ఇబ్బందీ రాలేదు. ఈమె ఒక్కతే జబ్బు తెచ్చుకుని మా లెక్క పాడుచేస్తోంది."

ఒళ్లు మండింది. అయినా శాఖ మీద గౌరవం కొద్దీ పిన్నిని ఆరోగ్యాధికారి గారి గదికి తీసుకెళ్లాను. ఆ మందు కొట్లో దొరకదు. శాఖ ఇస్తేనే ఉంది, లేకపోతే లేదు. అధికారి గారు అంతా విని, పిన్నిని ఎగాదిగా చూసి, సంతోషంతో లేచి నిలబడ్డారు.

"ఇన్నాళ్లూ ఎక్కడున్నారమ్మా మీరు! స్టేజీ మీద మాట్లాడ్డానికి పేషెంటులా కనిపించే మనిషి ఒక్కరూ దొరక్క చస్తున్నాం. మిగతా అందరూ దుక్కల్లా ఉన్నారు."

"బిళ్లలు బాబూ..."

"ఇప్పుడు బిళ్లలిస్తే మీకు జబ్బున్నట్టు మేమే ఒప్పుకున్నట్టవుతుంది. శనివారం నయమైందని రెండు ముక్కలు చెప్పండి. సోమవారం మీ సంగతి నేనే స్వయంగా చూస్తాను."

"చెప్తే బిళ్లలిస్తారా?"

"ముందు చెప్పండమ్మా!"

చేసేదేముంది, పిన్ని ఒప్పుకుంది. గుమాస్తా 'నాకు పూర్తిగా నయమైంది, ప్రభుత్వానికి నా కృతజ్ఞతలు' అని కాగితం మీద రాసిచ్చి, మూడుసార్లు అప్పజెప్పించుకున్నాడు. మూడోసారి మధ్యలో దగ్గొస్తే, అక్కడ చప్పట్లు కొట్టిస్తామని ధైర్యం చెప్పాడు.

శనివారం టౌన్‌హాలు కిటకిటలాడింది. స్టేజీ మీద మంత్రిగారు, అధికారి గారు, ఇంకో ఐదుగురు పెద్దలు, మొత్తం ఏడు కుర్చీలు. మంత్రిగారు నలభై నిమిషాలు మాట్లాడి, క్షయ మళ్లీ ఈ పట్టణం పొలిమేర తొక్కాలంటే తన శవం మీద నుంచి రావాలన్నారు. హాలు దద్దరిల్లింది. తర్వాత పిన్నిని పిలిచారు. మైకు ఎత్తు సరిచేసి, నేను పక్కనే నిలబడ్డాను.

"నాకు పూర్తిగా నయమైంది," అని ఆగింది పిన్ని. చప్పట్లు మోగాయి. కాగితం కేసి చూసింది. తర్వాత దాన్ని మడిచేసింది.

"అని చెప్పమన్నారయ్యా. చెప్పాను. నాతో పాటు ఆరుగురు కుడతారు. ఇద్దరు పాలిచ్చే తల్లులు. వరండాలో ఎంత దూరం జరిగినా దగ్గు లోపలికి పోతూనే ఉంది. నా సంగతి సరే, ఆ పసివాళ్లకు అంటుకుంటే నేనేం మొహం పెట్టుకుని బతకను? సోమవారం దాకా ఎందుకు, ఆ బిళ్లలేవో ఇప్పుడే..."

"ఆనందంలో ఏదో మాట్లాడేస్తోందండీ," అన్నారు అధికారి గారు మంత్రిగారి చెవిలో.

అంతలో దగ్గు తెర వచ్చింది. పిన్ని పక్కకు తిరిగి చీర చెంగు అడ్డం పెట్టుకుంది. ఆగకుండా దగ్గింది. చెంగు తీసేసరికి రూపాయి బిళ్లంత ఎర్రటి మరక కనిపించింది.

మంత్రిగారు జేబులో చెయ్యి పెట్టి, మాస్కు తీసి కట్టుకున్నారు. అధికారి గారూ తీశారు. తక్కిన ఐదుగురూ తీశారు. స్టేజీ పక్క నిలబడ్డ గుమాస్తా రెండు తీసి, ఒకదాని మీద ఒకటి తగిలించాడు. ఎవరూ తడుముకోలేదు, ఒకరినొకరు అడగనూ లేదు. ఇంతటి ముందుచూపున్న శాఖను నా మైకు సర్వీసులో నేనెక్కడా చూడలేదు. ఏడు కుర్చీలూ వెనక్కి జరిగిన చప్పుడు మాత్రం నా మైకులో ఖంగుమని వినిపించింది.

పిన్ని ఆ ఏడు మొహాలనూ వరుసగా చూసింది. ఆమె మొహంలోకి వెలుగొచ్చింది. నా చెయ్యి పట్టుకుని మెల్లగా అంది:

"ఒరేయ్, అవి జేబుల్లో ఉన్నాయంటే బిళ్లలు కూడా అక్కడే ఉంటాయిరా. ఒక్కసారి అడిగి చూడవూ?"