గురునాథరావు ఫొటోలో ఎవరో ఆవిడ

పోర్టులో క్రేన్ నడిపే గురునాథరావుని చూసి అసూయపడ్డవాళ్లు ఇంతవరకూ లేరు. పొద్దుట ఎక్కితే సాయంత్రం దిగడం. అంతెత్తున గాజు గదిలో ఒక్కడే కూర్చుని ఓడల్లోంచి బొగ్గు తోడుతూ ఉంటాడు. కిందనుంచి చూసేవాళ్లకి క్రేన్ కనిపిస్తుందిగానీ గురునాథరావు కనిపించడు. అలా పాతికేళ్లు ఎవరి కంటా పడకుండా బతికిన మనిషి చేతిలోకి ముందువైపు కూడా కెమెరా ఉన్న ఫోను వచ్చి పడింది. ఇంకేముంది, పాతికేళ్ల కరువూ ఒక్కసారిగా తీర్చుకోవడం మొదలెట్టాడు.

అక్కయ్యపాలెంలోని వాళ్లింట్లో వేడి దోశ తిని రెండేళ్లయింది. పెనం మీంచి దిగిన దోశ ముందు ఫొటోకి కూర్చోవాలి. పక్కన గురునాథరావు కూర్చోవాలి. ఇద్దరూ బాగా పడేసరికి దోశ అట్టముక్కయిపోతుంది.

భార్య కామేశ్వరి తండ్రి ఎప్పుడో రావులపాలెం నుంచి స్టీలుప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆవిడ పుట్టి పెరిగింది విశాఖపట్నంలోనే అయినా గోదావరి మర్యాద పోలేదు. ఎంత కోపమొచ్చినా మాట చివర 'అండి' తగిలించి మరీ కోస్తుంది. గురునాథరావుది తగరపువలస. అతనికి కోపమొచ్చినా ప్రేమొచ్చినా ఒకటే గొంతు.

ఫేస్‌బుక్కులో మాత్రం అతను ఆదర్శ భర్త. అంట్లు తోముతూ ఫొటో పెట్టాడు. తోమింది ఫొటోలో ఉన్న ఆ ఒక్క కంచమే. మొన్న చలికాలంలో కామేశ్వరికి జ్వరం వస్తే, కషాయం పట్టిస్తూ ఫొటో పెట్టాడు. ఆ కషాయం కాచింది కామేశ్వరే. ఒళ్లు కాలిపోతుంటే లేచి, మిరియాలు దంచి, కాచి, వడగట్టి, గ్లాసు మొగుడి చేతికిచ్చి, వెళ్లి మంచమ్మీద మూలుగుతూ పడుకుంది.

"కొంచెం నీరసంగా సూడవే, మరీ కులాసాగా పడతన్నావు" అన్నాడతను.

"వదిన ఎంత అదృష్టవంతురాలో" అని నాలుగు వందల మంది రాశారు. అవన్నీ అతను పైకి చదివి వినిపించాడు. ఈలోగా కషాయం చల్లారిపోయింది.

ఈమధ్య ఆవిడకి నడుంనొప్పి పట్టుకుంది. నొప్పి నడుంలో బయల్దేరి మడమ దాకా జారుతోంది, కాలు ఉండుండి మొద్దుబారుతోంది. సీతమ్మధారలో ఎముకల డాక్టరు అపాయింట్‌మెంటు దొరకడమే గగనమైంది. దగ్గరుండి తీసుకెళ్తానని గురునాథరావు మాటిచ్చాడు. సరిగ్గా ఆ ముందురోజు సాయంత్రం, టీ గ్లాసు పట్టుకుని ఆ మాట మార్చాడు.

"ఏటే, రేపు అప్పన్న గిరి ప్రదక్షిణ కదా. నాను నడుత్తన్నాను."

ఆషాఢ పున్నమికి ముందురోజు, అప్పన్న వెలసిన సింహాచలం కొండ చుట్టూ ముప్పై రెండు కిలోమీటర్లు నడవడం ఈ ఊరివాళ్లకి పెద్ద మొక్కు. ఆరోజు సగం ఊరు రోడ్డు మీదే ఉంటుంది. వాహనాలు ఎక్కడికక్కడ ఆగిపోతాయి.

"మీరాండీ? మేడ మీద ఆరిన బట్టలు తెమ్మంటే మోకాళ్లు పట్టేశాయంటారు!"

"బట్టలు ఏరు, భక్తి ఏరు."

"మరి డాక్టరుగారండీ?"

"నీ నడుం కోసమే కదేటే ఈ మొక్కు! డాక్టరు గొప్పా, అప్పన్న గొప్పా?"

"అప్పన్నబాబే గొప్పండి. కానీ ఆయన ఎక్స్‌రే తియ్యరు కదండీ."

"తప్పే! లెంపలేసుకో!"

కామేశ్వరి లెంపలేసుకుంది. వేళాకోళం మానేసి మెల్లిగా అడిగింది. "నాకు భయంగా ఉందండీ. కాలు ఎప్పుడు మడతపడుతుందో తెలీడం లేదు. ఒక్కపూట నా పక్కన రండి. డాక్టరుగారి దగ్గర చూపించాక అటునుంచటే మీ ప్రదక్షిణకి వెళ్లండి. నేను కాదనను."

గురునాథరావు ఇబ్బందిగా గ్లాసులోకి చూశాడు. "పోస్టు పెట్టేసినానే. 'నా శ్రీమతి ఆరోగ్యం కోసం' అని. అప్పుడే రెండొందల మంది గోవిందా అన్నారు. ఇప్పుడు ఎనక్కి తగ్గితే నీకే సెడ్డపేరు."

కామేశ్వరి అతని చేతిలోని గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ 'అండి' లేకుండా ఊరుకున్నప్పుడల్లా గురునాథరావుకి లోపల ఎక్కడో గుచ్చుకుంటుంది. కానీ అప్పుడే ఇంకో ఇద్దరు గోవిందా అన్నారు, అది సర్దుకుపోయింది.

అసలు అతని పథకంలో నడక లేదు. స్కూటరుంది. సందుగొందుల్లోంచి పోవడం, పేరున్న చోటల్లా సందులో బండి పెట్టి మెయిన్‌రోడ్డు మీదకి రావడం, భక్తుల మధ్య నిలబడి ఫొటో దిగడం, మళ్లీ బండెక్కడం. జోళ్లు డిక్కీలో దాచాడు. చెమటకి నీళ్ల సీసా. పాదాలకి పూసుకోవడానికి తులసికోటలోంచి తీసిన గుప్పెడు ఎర్రమట్టి, పొట్లం కట్టి జేబులో వేసుకున్నాడు. మొక్కు తీర్చడానికి ఎవరూ ఇంత కష్టపడి ఉండరు.

ప్రదక్షిణ మొదలయ్యే కొండ కింద మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయతో ఒకటి పడింది. హనుమంతవాక దగ్గర దణ్ణంతో ఒకటి. అప్పూఘర్ దగ్గర సముద్రాన్ని వెనకేసుకుని, పెదవి కొరుక్కుంటూ, నొప్పి ఓర్చుకుంటున్నట్టు ఒకటి. ఆ మూడోదానికి చాలామంది ఏడుపు బొమ్మలు పెట్టారు. మధ్యలో కామేశ్వరి నుంచి ఫోను వచ్చింది. వీడియో తీస్తున్నప్పుడు ఫోనొస్తే వీడియో పాడవుతుంది కదా, కట్ చేశాడు. మళ్లీ వచ్చింది. మళ్లీ కట్ చేశాడు.

సీతమ్మధార చేరేసరికి ఎండ ఏటవాలుగా, మెత్తగా పడుతోంది. మొహానికి భలే వెలుతురు. గురునాథరావు నెత్తిన నీళ్లు జల్లుకుని, పాదాలకి మట్టి రాసుకుని, జనంలోకి జొరబడి ఫోను పైకెత్తాడు. "గోవిందా" అంటూ జనం ఏరులా పోతున్నారు. వెనకనుంచి ఎవరో ఆవిడ భుజం మీద చెయ్యి వేసి ఏదో అంది. గురునాథరావు తల తిప్పలేదు. తిప్పితే వెలుతురు పోతుంది.

"కొంచెం పక్కకి జరగండమ్మా, ఫ్రేములో పడతన్నారు" అన్నాడు, నవ్వు చెదరకుండా.

వరసగా చాలా తీశాడు. వాటిలో గెడ్డం కింద రెండో గెడ్డం కనిపించనిది ఏరి, "అడుగడుగూ నీ కోసమే కామూ" అని రాసి పెట్టేశాడు.

మాధవధార దగ్గర మజ్జిగ, పులిహోర పంచుతున్నారు. "ఎంత అలిసిపోనావో బాబూ, ఇంకాస్త ఎట్టించుకో" అని పెద్దావిడెవరో బతిమాలితే కాదనలేక రెండుసార్లు పెట్టించుకున్నాడు. తింటూ ఫోను తీశాడు. ముందు అంతా గోవింద నామాలే. ఆ కింద పోర్టులో కలిసి పనిచేసే సింహాద్రి రాశాడు: "బావ, మోసేతికి ఆ హెల్మెట్టేటి? ప్రదక్షిణకి హెల్మెట్ రూలు ఎప్పుడెట్టినారు?"

గురునాథరావు తన మోచేతి వైపు చూసుకున్నాడు. జోళ్లు దాచాడు, బండి దాచాడు. హెల్మెట్ మాత్రం మోచేతికి గంటలా వేలాడుతోంది.

ఇంకాస్త కిందకి వెళ్తే బావమరిది అబ్బులు. "బావా, హెల్మెట్టు సంగతి తర్వాత చూద్దాం. నీ వెనకాల ఆసుపత్రి మెట్ల మీదున్నది మా అక్క కదూ?"

గురునాథరావు ఫొటోని పెద్దది చేశాడు. అలవాటుగా ముందు తన మొహమే పెద్దదైంది. వేలితో పక్కకి లాగాడు. చెవి వచ్చింది, హెల్మెట్ వచ్చింది. ఆ వెనకాల ఎముకల డాక్టరు బోర్డు. దాని కింద మెట్టు మీద, గోడ పట్టుకుని, చంకలో ఎక్స్‌రే కవరుతో కామేశ్వరి నిలబడి ఉంది. ఇటే చూస్తోంది. ఈ ఫొటోని అతను ఎంచడానికి ముందు ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. ఒక్కసారైనా ఆవిడ కనపడలేదు.

అప్పటికే జనానికి మంచి కాలక్షేపం దొరికింది. ఎవరో కామేశ్వరి చుట్టూ ఎర్రటి సున్నా చుట్టారు. "వదిన కోసం మీరు నడుస్తున్నారు సరే అన్నయ్యగారూ, వదిన పక్కన ఎవరు నడుస్తున్నారు?" అని కాలనీలో ఉండే దేవిశ్రీ అడిగింది. ఎన్నడూ లేనంతమంది ఆ ప్రశ్నని మెచ్చుకున్నారు. గురునాథరావు గబగబా పోస్టు తీసేశాడు. తీసేసిన నిమిషానికి అదే ఫొటో, ఎర్ర సున్నాతో సహా, పోర్టు వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది.

వెనక్కి వెళ్దామంటే పోలీసులు సందు మొగలో కూడా అడ్డం పెట్టేశారు. బండి అక్కడే వదిలేసి పరుగందుకున్నాడు. వేలమంది ఇటు వస్తుంటే తనొక్కడూ అటు.

"ఓ నాయినా, ఎదురు నడుత్తన్నావేటి? పెదచ్చినం తిరగేసి సేత్తే ఉన్న పున్నెం కూడా పోద్ది!" అని ఒక ముసలాయన అరిచాడు.

"నాకు పున్నెం లేదు తాతా, తప్పుకో" అని గురునాథరావు కూడా అరిచాడు. ఆరోజు అతను చెప్పిన మొదటి నిజం అదే.

ఆసుపత్రి మెట్లు ఖాళీగా ఉన్నాయి. అక్కయ్యపాలెం వచ్చి పడేసరికి దీపాలు పెట్టే వేళయింది. కామేశ్వరి మంచమ్మీద, కాళ్ల కింద రెండు దిళ్లు పెట్టుకుని పడుకుని ఉంది.

"ఎలా వచ్చినావే?"

"నడిచొచ్చానండి. ఆటోలు లేవు. ఆనందపురం నుంచి ప్రదక్షిణకొచ్చిన జోగమ్మగారని ఎవరో పెద్దావిడ, నేను గోడ పట్టుకుని నడుస్తుంటే చూసి, మొక్కు మధ్యలో ఆపుకుని ఇంటిదాకా నా చెయ్యి పట్టుకున్నారండి. ఫొటో తీసుకోవడం ఆవిడకి తెలీదు పాపం."

"డాక్టరేటన్నాడు?"

"ఎక్కువ నడవద్దన్నారండి."

గురునాథరావు మంచం పక్కన చతికిలబడ్డాడు. "నాను అక్కడే ఉన్నాను కదే! ఓ కేక ఎయ్యకూడదేటి?"

"వేశానండి. భుజం మీద చెయ్యి కూడా వేశాను."

"ఆ గుంపులో వినపడుండదు."

"వినపడిందండి. జవాబు కూడా చెప్పారు."

"ఏటన్నాను?"

కామేశ్వరి అతని మొహంలోకి చూస్తూ చెప్పింది. "పక్కకి జరగండమ్మా, ఫ్రేములో పడతన్నారు అన్నారండి. జరిగాను."

గురునాథరావుకి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. కాళ్లు పట్టుకుందామని చెయ్యి చాపి, ఏ కాలు నొప్పో తనకి తెలీదని అప్పుడు గుర్తొచ్చి, ఆ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"రేపు నిజంగా నడుత్తానే. మొత్తం" అన్నాడు చివరికి.

"అయితే ఆ ఫోనిలా ఇచ్చి వెళ్లండి" అంది కామేశ్వరి.

మర్నాడు పొద్దున్నే వెళ్లాడు. జోళ్లు లేవు, ఫోను లేదు, జనం లేరు. మజ్జిగ పందిళ్లు విప్పేస్తున్నారు. మున్సిపాలిటీవాళ్లు పేపరు గ్లాసులు ఊడుస్తున్నారు. ముడసర్లోవ దగ్గర టీకొట్టువాడు జాలిగా అడిగాడు. "బావ, పెదచ్చినం నిన్ననే అయిపోనాది కదేటి? బండి పాడైపోనాదా?"

మొదట్లో నడుస్తూ నడుస్తూ పోస్టులు కూర్చుకున్నాడు. 'ఒంటరి పాదాలు' అని ఒకటి, 'మౌనమే నా మొక్కు' అని ఒకటి. చెయ్యి ఊరికే ఖాళీ జేబులోకి పోయి వచ్చేది. అప్పూఘర్ దాటాక అరికాళ్లు పగిలాయి, పోస్టులు ఆగిపోయాయి. సీతమ్మధారలో ఆ మెట్లు కనిపించాయి. అక్కడినుంచి ఇంటిదాకా కామేశ్వరి గోడలు పట్టుకుని నడిచిన దారి ఎంతో అతని కాళ్లకి తెలిసొచ్చింది. ఫుట్‌పాత్ మీద కూర్చుని ఏడ్చాడు. పక్కనుంచి బస్సులు పోతూనే ఉన్నాయి. ఎవరూ చూడలేదు.

లేచి మిగతా దారి కూడా నడిచి, సాయంత్రానికి కుంటుకుంటూ ఇల్లు చేరాడు. గుమ్మంలోనే నిలబడి, చీకట్లో పాదాలు ఎత్తి చూపించాడు.

"నడిసినానే. అప్పన్న మీద ఒట్టు. మొత్తం నడిసినాను."

కామేశ్వరి మంచమ్మీంచి తల ఎత్తింది. "ఫొటో ఏదండీ?"

"ఫోను నీ కాడే ఉంది కదే!"

"మరి ఎలా నమ్మమంటారండీ?"

వెక్కిరిస్తోందేమోనని గురునాథరావు ఆవిడ మొహంలోకి పరకాయించి చూశాడు. ఆ మొహంలో వెక్కిరింత లేదు. కోపమూ లేదు. ఎదురుగా ఉన్న మనిషి నిజం చెబుతున్నాడో లేదో తెలియక, తెలుసుకుందామని అడిగింది, అంతే. అతను గుమ్మంలోనే నిలబడి ఉండగా, కామేశ్వరి చెయ్యి చాపి దిండు పక్కనున్న ఫోను తీసి, ఆ పాదాలు ఫొటో తియ్యమన్నట్టు అతనికి అందించింది.