ఎల్లన్న కొండచిలువ

"నేరం చేసి నా కళ్లు గప్పినవాడు ఈ భూగోళం మీద ఇంతవరకు పుట్టలేదు, ఇక పుట్టబోడు" అని అనంతరావు ఎల్లన్న ఇంటి గడప మీద నిలబడి ప్రకటించిండు. గడ్‌చాందూర్‌ల ఒక సిమెంటు ఫ్యాక్టరీల స్టోర్సు గుమాస్తా ఆయన. ఇంటికి కేబుల్ టీవీ వచ్చినకాడి నుంచి డిటెక్టివ్ అయిండు. చాందా పట్నం ఎండల, మే నెలల, నల్లకోటు వేసుకొని వచ్చిండంటే ఇగ మీరే అర్థం చేసుకోండ్రి.

ఎల్లన్నకు నవ్వే తీరిక లేదు. బొగ్గుగనిల పనిచేసిన రోజులల్ల దొరికిన మూరెడు పాముపిల్లను ఎవలకూ తెల్వకుంట పెంచిండు. ఇప్పుడది తొమ్మిదడుగుల కొండచిలువ, పేరు రాణి. పెట్టెకు రెండు గొళ్లాలు, వారానికో కోడి. కోడిని ముట్టిన చేతులు సబ్బుతోని కడగంది దాని దగ్గరికి పోడు. ఇంత జాగ్రత్తపడ్డా పొద్దుగాల చూస్తే చెక్క పుచ్చి గొళ్లాలు ఊడినయి, పెట్టె ఖాళీ. తన వాడ బాబుపేటోళ్లకు తెలిస్తే కట్టెలతోని కొట్టి చంపుతరు. పోలీసులకు చెప్తే పామును పెంచినందుకు తననే లోపలేస్తరు. అందుకే దిక్కులేక అనంతరావును పిలిచిండు.

"ఎండకు ఆగలేక సల్లటి జాగల దూరుంటది సార్. నీళ్లున్నకాడ దేవులాడుదాం" అన్నడు.

అనంతరావు జాలిగ చూసిండు. దేశం తలుపులు బార్లా తెరిచినంక విదేశీ కంపెనీల వెంబడి విదేశీ ముఠాలు గూడ దిగినయట. పాము తోలుతోని ఫారిన్‌ల చెప్పులు కుడ్తరట. పక్కింటి సుచరితకు నిన్న నాగపూర్ నుంచి పెద్ద చెక్కపెట్టె వచ్చింది గద, అదే సాక్ష్యమట. అది కొత్త కూలర్ పెట్టె అని ఎల్లన్న ఎంత మొత్తుకున్నా చెవికెక్కలే.

సుచరిత మర్యాదస్తురాలు. కిటికీకి బిగించిన కూలర్ ముందట పండుకున్న పసిపిల్లను లేపొద్దని మాత్రం చెప్పి మంచినీళ్లిచ్చింది. అనంతరావు పెట్టె మూత లేపితే గడ్డి తప్ప ఏం లేదు. కోటు లోపల చెమటలు కారుతున్నయి, కూలర్ గాలి సుత సరిగ్గ వస్తలేదు. ఓడిపోయిన అని ఒప్పుకునే మనిషా?

"ఈ యంత్రములో లోపమున్నది" అని స్విచ్చి ఆపిచ్చి పెరట్లకు పోయిండు. సరిగ్గ బిగియని వెనక జాలీ ఊడబీకి నీళ్ల తొట్టిల చెయ్యి పెట్టిండు. పైపు అడ్డం పడ్డదమ్మా అనుకుంట లావుపాటి పైపును పట్టి గుంజిండు.

పైపు ఆయన చేతిని చుట్టుకున్నది.

ఆయన పెట్టిన కేకకు వాడకట్టంత ఉరికొచ్చింది. "కదలకుండ్రి సార్, దానికి విషం లేదు" అని ఎల్లన్న నిదానంగ తల వెనక పట్టుకున్నడు. తోక దిక్కు నుంచి విప్పాలె, ఒక్కనితోని కాదు, జర పట్టు చెల్లె అంటే సుచరిత కొంగు నడుముకు చెక్కి తోక పట్టింది. రాణిని సంచిల వేసినంక ఎల్లన్న కిటికీల నుంచి లోపలికి చూసిండు. పిల్ల నోట్లె వేలేసుకొని పండుకున్నది. దానికీ రాణికీ నడుమ పల్చటి రేకే అడ్డమున్నది. ఇగ ఇంట్ల పెట్టుకునుడు కాదు, జైలైతే జైలు అని ఎల్లన్న మనసు గట్టి చేసుకున్నడు.

వాడోళ్లు కబురు పెడితే ఫారెస్టు గార్డు జీపుల వచ్చిండు. ఈ పామును పెంచింది ఎవలని అడిగిండు.

"నేనే సాబ్" అని ఎల్లన్న ముందుకొచ్చిండు.

చేతికొచ్చిన కీర్తి జారిపోతుంటే అనంతరావు ఊకుంటడా? "ఇతడు నా సహాయకుడు మాత్రమే" అని ఎల్లన్నను పక్కకు నెట్టిండు. "మూరెడున్ననాటి నుంచి ఈ సర్పరాజము చరిత్ర సమస్తమూ నా గుప్పిట్లో ఉన్నది." ఏం తింటది, యాడ పెట్టిండ్రు, ఎన్ని గొళ్లాలు, గార్డు అడిగినదానికల్లా టకటక జవాబు చెప్పిండు. గార్డు తలూపి, అన్నీ కేసు కాయితంల రాసుకొని, మర్యాదగ భుజం మీద చెయ్యేసి, జీపు ముందు సీట్ల కూసోబెట్టుకున్నడు.

సన్మానమే అనుకున్నడు అనంతరావు. జనానికి చెయ్యూపిండు. వెనక సీట్ల రాణి సంచి కదులుతున్నది. జీపు బయలెల్లంగనే ఎల్లన్న కండ్లనీళ్లు పెట్టుకొని, అది నాది సాబ్, నా బిడ్డ లెక్క సాదిన అనుకుంట వెంబడి ఉరికిండు.

అనంతరావు ఒకసారి వెనకకు తిరిగి చూసి గార్డుకు చెప్పిండు. "పాపం, నన్ను విడిచి ఉండలేడు."