మీసాలకు మత్తుమందు

ఆ రోజు ఉదయం నీమియా వేసుకున్న పథకం చాలా చిన్నది. మొగుడి చేతికి క్రీము రాయాలి, బస్సెక్కించాలి, ఆసుపత్రిలో అప్పగించాలి. మిగతాది డాక్టర్లు చూసుకుంటారు.

మొగుడు ఎవారిస్తో విల్యారికా ఊరి బజారులో మాంసం కొట్టు నడుపుతాడు. ఎద్దు తొడను భుజాన వేసుకుని ఈల వేస్తూ నడిచే మనిషి. పిత్తాశయంలో రాళ్లు చేరి నొప్పితో మెలికలు తిరుగుతున్నా, ఆపరేషన్ మాత్రం రెండుసార్లు తప్పించుకున్నాడు. భయం కోతకు కాదు, కోతకు ముందు సెలైన్ కోసం నరంలోకి ఎక్కించే సూదికి. రెండోసారైతే నర్సు ట్రే తెచ్చేలోగా ఆసుపత్రి గౌనుతోనే వీధి చివరి దాకా వెళ్లిపోయాడు. "రాయి పిత్తం గొట్టంలో అడ్డం పడిందంటే ప్రాణం మీదకొస్తుంది" అని డాక్టరు గట్టిగా చెప్పాక, నీమియా మందుల షాపులో వాకబు చేసి చర్మాన్ని మొద్దుబార్చే క్రీము ఒకటి తెచ్చింది. గంట ముందు రాసి, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి ఉంచితే సూది దిగినా తెలియదట.

"కుడి చెయ్యి ఇటు తే."

"ఒక్క గుక్క మాతే టీ తాగనివ్వవే. ఉదయాన్నే అది పడకపోతే నేను మనిషిని కాను."

"పచ్చి మంచినీళ్లు కూడా ముట్టొద్దన్నారు. చెయ్యి తే!"

ముంజేతి వెనక దట్టంగా రాసి కాగితం చుట్టింది. "ఇంక ఈ చెయ్యి కదిపావంటే ఊరుకోను. ఎవరు చెప్పినా ఎత్తకు."

"దారిలో చర్చి వస్తే సిలువ గుర్తు వేసుకోవద్దా?"

"ఎడం చేత్తో వేసుకో. దేవుడు అర్థం చేసుకుంటాడు."

బస్సులో జనం కిక్కిరిసి ఉన్నారు. ఎవారిస్తోకి చెమటలు పట్టాయి, కాగితం జారి మోచేతి దగ్గరికి చేరింది. కొట్లో అరచేతులకు ఎప్పుడూ నెత్తురే కాబట్టి ముంజేతి వెనకభాగంతో మీసాలు తుడుచుకోవడం అతనికి ముప్పై ఏళ్ల అలవాటు. భయం వేసినప్పుడల్లా తుడిచాడు. ప్రతి మలుపులోనూ భయం వేసింది. ఆసుపత్రి దగ్గర దిగేసరికి క్రీములో సగం మీసాల్లోకీ కుడివైపు పెదవుల మీదికీ చేరింది.

"పేరు చెప్పండి," అంది కౌంటరులో అమ్మాయి.

"ఎఫాయిఫ్ఫో," అన్నాడతను. కుడివైపు పెదవి చివర నుంచి చొంగ కారింది.

నీమియా ఉలిక్కిపడింది. "సరిగ్గా చెప్పు, ఎవారిస్తో! వేళాకోళాలకి ఇదా సమయం?"

"ఫరిగ్గానే ఫెప్పాను!"

కౌంటరు అమ్మాయి కేక వేసింది. డాక్టర్ ఫ్రేతెస్ పరుగున వచ్చాడు. కుర్రవాడు, చదువు ఇంకా వేడివేడిగా ఉంది.

"దోన్ ఎవారిస్తో, ఒకసారి నవ్వండి!"

ఆసుపత్రిలో నవ్వడమేమిటో ఎవారిస్తోకి బోధపడలేదు. అయినా ప్రయత్నించాడు. ఎడమవైపు పెదవి లేచింది, కుడివైపు వేలాడింది.

"రెండు చేతులూ పైకెత్తండి!"

ఎడమ చెయ్యి ఎత్తాడు. కుడి చేతిని గుండెకు అదుముకుని, భార్య వైపు బేలగా చూశాడు.

"పక్షవాతం!" అన్నాడు డాక్టరు. "స్ట్రెచర్ తీసుకురండి!"

"క్రీఉ... క్రీఉ..." అని ఎవారిస్తో మొత్తుకున్నాడు.

"మాట కూడా పోతోంది. తొందరగా!"

స్ట్రెచర్ పక్కన పరుగెత్తుతూ నీమియా ఏడుపందుకుంది. "నిన్ను పిరికివాడని ఎన్నిసార్లు అన్నానో! నువ్వు బతికి ఇంటికి రావయ్యా, చాలు! సూదీ వద్దు, ఏమీ వద్దు, ఆ రాళ్లతోనే కాపురం చేద్దాం!"

అప్పటిదాకా ఎవారిస్తోకి సూది భయం ఒక్కటే ఉంది. నీమియా తనను బతిమాలుకోవడం విన్నాక చావు భయం కూడా పట్టుకుంది. గట్టిగా కళ్లు మూసుకుని పూర్వీకులనందరినీ పేరుపేరునా తలుచుకున్నాడు.

నర్సు జునిల్డా అతని ఎడమ చెయ్యి అందుకుంది. "క్రీము రాసి గంటసేపు ఆగే తీరిక లేదు, దోన్. ఈ స్ప్రే కొడతాను. మంచు తగిలినట్టు జిల్లుమంటుంది, అంతే." స్స్‌మని చల్లగా ఏదో తగిలింది. తర్వాత ఏదో కదిలినట్టయింది. ఎవారిస్తో ఇంకా తాతగారి పేరు దగ్గరే ఉన్నాడు.

సెలైన్ చుక్కలు సరిగ్గా పడుతున్నాయని చూసుకుని, జునిల్డా అతని మూతి తుడవబోయి ఆగింది. మీసాల్లో తెల్లగా ఏదో ఉంది. కుడి చెయ్యి పట్టి చూసింది. మోచేతికి కంకణంలా ప్లాస్టిక్ కాగితం.

"అమ్మా, ఈ చేతికి ఏం రాశారు?"

నీమియా క్రీము సంగతీ, ఆ చెయ్యి ఎత్తొద్దని తను కట్టడి చేసిన సంగతీ చెప్పింది. చెబుతూ చెబుతూ మొగుడి మీసాలకేసి చూసింది. చెప్పడం ఆపేసింది.

"డాక్టర్, ఆ చెయ్యి ఎత్తమని ఈవిడచేత చెప్పించండి," అంది జునిల్డా.

"ఎత్తు," అంది నీమియా నీరసంగా.

ఎవారిస్తో వెంటనే ఎత్తాడు. ఎద్దును ఎత్తే చెయ్యి, పక్కనున్న దీపానికి తగిలేంత పైకి లేచింది.

డాక్టర్ ఫ్రేతెస్ మొహం కందిపోయింది. అయినా పెదవులకు మామూలు స్పర్శ వచ్చేదాకా, మింగిన క్రీము వల్ల హాని లేదని తేలేదాకా అతన్ని కనిపెట్టుకునే ఉన్నాడు. నీమియా గోడకు ఆనుకుని కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆపలేకపోయింది. ఆ నవ్వు మధ్యలోనే కళ్లు తుడుచుకుంది.

"బతికే ఉన్నాను కదా, ఇంక ఆ సూదేదో పొడిచెయ్యండి," అన్నాడు ఎవారిస్తో, మాట తిరిగొచ్చాక. "ఈసారి పారిపోను. ఒట్టు."

"సూదెప్పుడో పెట్టేశాం, దోన్," అంది జునిల్డా. "మీ చేతికేసి మీరే చూసుకోండి."

ఎవారిస్తో చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత గుమ్మం దాకా నీమియా చెయ్యి పట్టుకుని, ఈల వేస్తూ ఆపరేషన్ గదిలోకి వెళ్లాడు. మధ్యాహ్నానికల్లా రాళ్లన్నీ బయటికొచ్చాయి.

మర్నాడు ఇంటికి పంపేముందు, సెలైన్ గొట్టం కదలకుండా అతికించిన టేపును జునిల్డా ఒక్క లాగు లాగింది. సూది దిగినట్టే తెలియని మనిషి, చేతి వెంట్రుకలు పోయినప్పుడు వార్డంతా పరుగెత్తుకొచ్చేలా అరిచాడు.