డిక్కీలో భూకంపం

ఆ ఆదివారం పొద్దున చెవుల మాస్టారు పెట్టుకున్నవి మూడే పనులు. తొమ్మిదింటికి భార్యను పక్కన కూర్చోబెట్టుకుని కారులో ఒక పాట వినడం, పాట బాగుందని ఇద్దరూ ఒక మాట మీదకు రావడం, పదకొండున్నరకు స్టేషనుకు వెళ్ళి ఆ పాటలో వాయించిన కూతుర్ని ఇంటికి తీసుకురావడం. ఇందులో చిక్కుపడడానికి ఏముందని ఎవరైనా అనుకుంటారు. మాస్టారూ అలాగే అనుకున్నారు.

ఆయన బళ్ళో పాఠాలు చెప్పే మాస్టారేం కాదు. చెవి డాక్టరు దగ్గర ఇరవై రెండేళ్ళుగా వినికిడి పరీక్షలు చేస్తున్నారు. గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో మనిషిని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, సన్నసన్న శబ్దాలు వినిపిస్తూ, "వినపడితే చెయ్యెత్తండి, ఆగిపోతే దించండి" అని చెప్పడం ఆయన ఉద్యోగం. ఆ చెప్పే తీరుకి ఎంతటి పెద్దమనుషులైనా ఒకటో తరగతి పిల్లల్లా చేతులెత్తేవారు. పేరు అలా వచ్చి అతుక్కుపోయింది.

ఊళ్ళో సగం మంది చెవులు పరీక్షించిన ఆ మనిషికి సొంత కూతురు వాయించింది వినపడలేదు. ఆ పిల్ల వేరే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలు నలుగురు స్నేహితులతో కలిసి పాటలు కడుతోంది. అందులో ఆమెది బేస్ గిటారు, పాటకు అడుగున బొంగురుగా మోగే లావు తీగల గిటారు. మొదటి పాట రికార్డు చేసి పంపిస్తూ, "ఫోన్లో విడివిడిగా వినకండి, ఇద్దరూ కలిసి కారులో వినండి" అని మరీ చెప్పింది. విన్నారు. గొంతు వినపడింది, డ్రమ్ములు వినపడ్డాయి, ఎవరో ఈల వేయడం కూడా వినపడింది. బేస్ గిటారు మాత్రం మచ్చుకైనా వినపడలేదు. కడుపులో ఏదీ దాచుకోలేని మాస్టారు వెంటనే ఫోను చేసి, "చాలా బాగుందమ్మా, ఇంతకీ ఇందులో నువ్వెక్కడున్నావు?" అని అడిగేశారు. అవతల పెద్దగా ఊపిరి వదిలిన చప్పుడైంది. తర్వాత, "సరేలే నాన్నా, ఆదివారం వస్తున్నాగా" అని పెట్టేసింది.

పిల్ల నొచ్చుకుందని మాస్టారికి అర్థమైపోయింది. అడగకుండా ఉండాల్సిందని తనను తాను తిట్టుకున్నారు. మర్నాడు ఆసుపత్రిలో గది తలుపు వేసుకుని తన చెవులనే పరీక్షించుకున్నారు. ఒక చేత్తో మీట తిప్పుతూ, రెండో చెయ్యి తనకు తానే ఎత్తుతూ దించుతూ ఉన్న ఆయన్ని గాజు కిటికీలోంచి చూసిన నర్సు, ఈ మనిషికి సెలవు అవసరమని డాక్టరుతో చెప్పి వచ్చింది. చెవులు నిక్షేపంగా ఉన్నాయి. అంటే లోపం కారుది.

"మీ అమ్మాయి వాయిస్తూనే ఉందండీ, మీ కారే మింగేస్తోంది," అన్నాడు సౌండు షాపు మెకానిక్. "కారుతో పాటు వచ్చిన ఈ స్పీకర్లు మరీ కింది శబ్దం పలకవు. డిక్కీలో ఆ శబ్దం పలికే సబ్‌వూఫర్ పడాల్సిందే."

శనివారం సాయంత్రానికి పడింది. డిక్కీలో సగం ఆక్రమించిన నల్ల పెట్టె, అందులో పళ్ళెమంత స్పీకరు, సీటు కింద దాన్ని నడిపించే ఆంప్లిఫైయరు, దానికి బ్యాటరీ దగ్గర్నుంచి వేలిమందం తీగ. కారు అప్పగిస్తూ మెకానిక్ ఒక హెచ్చరిక చేశాడు.

"ఈ దెబ్బకి బండిలో వదులుగా ఉన్నదల్లా గరగరలాడుతుందండీ. మీ ఫోన్లో ఒక టెస్టు శబ్దం వేశాను. అడుగునుంచి మెల్లగా పైకి పోతుంది. అది పెట్టుకుని, ఎక్కడ గరగరమంటే అక్కడ స్పాంజి ముక్క దూర్చేయండి."

తొమ్మిదింటికి అనుకున్న ప్రకారం భార్యాభర్తలు కారులో కూర్చున్నారు. పాట మొదలైంది. వీపు కింద సీటు బరువుగా కదిలి, పాట అడుగున ఇంకో పాట నడవడం మాస్టారికి తెలిసింది. దాంతో పాటు గర్‌ర్‌ర్ అనే చప్పుడు కూడా తెలిసింది. భార్య కళ్ళు మూసుకుని చివరిదాకా శ్రద్ధగా విన్నది.

"ఏమండీ, అమ్మాయి వాయించేది ఇదేనా?"

"ఇదే. ఎలా ఉంది?"

"బాగానే ఉంది గానీ, దానికి కాస్త జలుబు చేసినట్టుంది."

"అది అమ్మాయి కాదు, కారు."

"నాకేం తెలుసండీ. అది రాగానే ఎలా ఉందమ్మా అంటే నాకు తోచింది చెబుతాను."

తోచింది చెబితే కొంప మునుగుతుంది. ఒకసారి తండ్రి వినపడలేదన్నాడు, ఇప్పుడు తల్లి జలుబంటుంది. పదకొండున్నరలోపు ఈ గరగర పోవాలి, భార్య చెవికి కూతురు శుభ్రంగా వినపడాలి. మాస్టారు చొక్కా చేతులు మడిచారు. ఫోన్లొస్తే మధ్యలో పరీక్ష చెడుతుందని ఫోనుకు ఏ పిలుపూ రాకుండా నొక్కి పెట్టారు. పైన ఫ్లాట్లోంచి మామగారిని కూడా పిలిచారు.

మామగారు ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. వెనక సీటు మధ్యలో దర్జాగా కూర్చుని, "గరగరకి ఇంత కంగారెందుకు అల్లుడుగారూ? నా బస్సులో యాభై రెండు సీట్లూ మోగేవి. ఏదైనా మోగడం మానేస్తేనే ఊడిపోయిందేమోనని దిగి చూసేవాణ్ణి," అన్నారు.

"మామయ్యా, దయచేసి మాట్లాడకూడదు. అద్దాలెక్కించేస్తున్నాను. గరగర వినపడితే చెయ్యెత్తాలి, ఆగిపోతే దించాలి. కుడివైపైతే కుడి చెయ్యి, ఎడమవైపైతే ఎడమ చెయ్యి. ఎదురుగా చూడండి, నా మొహం చూడొద్దు."

ఇరవై రెండేళ్ళ అలవాటు మరి. కారుకైనా ఆయనకు తెలిసిన పరీక్ష అదొక్కటే.

మొదటి విడతలో వెనక నంబరు ప్లేటు దొరికింది. స్పాంజి దూర్చారు. రెండో విడతలో వెనక అద్దం కింది పలక. స్పాంజి అయిపోయింది, వంటింట్లో గిన్నెలు తోమేది వచ్చింది. తర్వాత ముందు సొరుగు, అందులోని కళ్ళజోడు డబ్బా, టార్చిలైటు, ఎప్పటిదో గొడుగు పిడి. ఒకటి నోరు మూస్తే ఇంకొకటి అందుకుంటోంది. తువ్వాళ్ళు రెండు, మామగారి మఫ్లరు, భార్య చెప్పుల జత తలుపు సందుల్లోకి వెళ్ళిపోయాయి. పదిన్నర అయ్యేసరికి ఆమె రెండు కాళ్ళతో డాష్‌బోర్డును అదిమిపట్టి, చేతులు పరీక్షకు ఖాళీగా ఉంచుకుని కూర్చుంది.

"ఇలా ఎంతసేపండీ?"

"అమ్మాయి కోసం. ఇంకొక్కసారి."

అలా ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటూ గంట దాటాక, టెస్టు శబ్దం బాగా అడుగున ఉండగా మామగారు రెండు చేతులూ ఎత్తారు. భార్యా ఎత్తింది. మాస్టారికీ వినపడింది, అన్నివైపులా గరగర. శబ్దాన్ని అక్కడే నిలిపి, ఆయన కూడా ఒక చెయ్యెత్తి, రెండో చేత్తో కారంతా తడిమారు. మోగుతున్నది కారు కాదని ఆయనకు తట్టలేదు. ఆ కారున్నది అయిదంతస్తుల భవనం కింద, స్తంభాల మధ్య. ఆ ఒక్క శబ్దానికి పార్కింగు గేటు, కరెంటు మీటర్ల పెట్టెలు, పైన కిటికీ రెక్కలు అన్నీ ఒక్కసారిగా వంత పాడుతున్నాయి. మాస్టారు వెతుకుతూనే ఉన్నారు. అలా అయిదు నిమిషాలు గడిచాయి.

పైన మొదటి అంతస్తులో అసోసియేషన్ సెక్రటరీ టీ కప్పు తనంతట తానే బల్ల అంచుకు నడిచి వెళ్ళడం చూశాడు. పోయిన నెలలో ఆయన భూకంపం వస్తే ఎలా దిగాలో అందరికీ శిక్షణ పెడితే నలుగురు వచ్చారు, అందులో ఇద్దరు లిఫ్టులో వచ్చారు. అప్పట్నుంచీ మెళ్ళో ఈల తీయకుండా తిరుగుతున్నాడు. ఇన్నాళ్ళకు ఆ ఈలకు పని పడింది. ఊపిరితిత్తులు అలిసిపోయేదాకా ఊదాడు.

ఈసారి నలుగురు కాదు, భవనమంతా దిగింది. సగం గడ్డం గీసుకున్న ఆయన సబ్బు నురగతో వచ్చాడు. ఒకాయన అందిన కాగితాలన్నీ చంకలో పెట్టుకుని దిగాక చూసుకుంటే అవి పాత పేపర్లు. రెండో అంతస్తు ఆవిడ చేపపిల్ల ఉన్న గాజు సీసాను రెండు చేతులా పట్టుకుని, నీళ్ళు తొణక్కుండా మెట్లన్నీ దిగింది. అందరూ పార్కింగులోకి వచ్చి అక్కడే ఆగిపోయారు. అద్దాలు బిగించిన కారులో ముగ్గురు పెద్దవాళ్ళు, చెవులు రిక్కించి, చేతులెత్తి కూర్చున్నారు. ఒకావిడ కాళ్ళు కూడా ఎత్తింది.

"చూశారా, మనకంటే ముందే దిగిపోయారు," అన్నది చేపపిల్ల ఆవిడ. "ఆయనవి మామూలు చెవులు కావుగా. రాకముందే వినపడి ఉంటుంది."

ఈ మాట ఇటునుంచి అటు పాకేలోపే నిజమైపోయింది. సెక్రటరీ వెళ్ళి వినయంగా అద్దం మీద తట్టాడు. మాస్టారు తలెత్తి చూస్తే భవనమంతా తన కారు చుట్టూ ఉంది. శబ్దం ఆపి అద్దం దించారు. పాట సంగతి భార్య ఎవరికో చెప్పినట్టుందనీ, వినడానికి అందరూ దిగి వచ్చారనీ ఆయన అనుకున్నారు. కళ్ళు చెమ్మగిల్లాయి.

"అయిపోయిందా మాస్టారూ?" అన్నాడు సెక్రటరీ.

"అసలుది ఇంకా మొదలెక్కడైందండీ. ఇప్పటిదాకా సర్దుకోవడంతోనే సరిపోయింది."

సెక్రటరీ ముఖం పాలిపోయింది. "మరి మేమేం చేయాలి?"

"ఏం చేయక్కర్లేదు, మూడు నాలుగు నిమిషాలు ఓపిగ్గా నిలబడితే చాలు."

"స్తంభాల కింద వద్దు మాస్టారూ. అందరం బయట ఆరుబయలు స్థలంలోకి పోదాం. మీరు కూడా బండి తీయండి."

"మంచి ఆలోచన," అన్నారు మాస్టారు మనస్ఫూర్తిగా. కారు మెల్లగా బయటికి కదిలింది. దాని వెనక నురగ, పాత పేపర్లు, చేపపిల్ల, పిల్లాజెల్లా అందరూ నడిచారు.

బయట మాస్టారు కారు ఆపి, డిక్కీ తలుపెత్తి, నలుగురినీ దగ్గరగా రమ్మని, పాట పెట్టారు. గరగర లేదు. భార్య డాష్‌బోర్డు మీదనుంచి కాళ్ళు తీసి చూసింది, అయినా లేదు. వంత పాడే గేట్లూ కిటికీలూ లేని చోట ఆ అడుగు శబ్దం పొయ్యి మీద పాలు పొంగే ముందు కదిలినట్టు నిండుగా, నెమ్మదిగా కదిలింది. పాటంతా దాని మీదే నిలబడి ఉందని మాస్టారికి అప్పుడు తెలిసింది. గొంతు, డ్రమ్ములు, ఈల అన్నిటినీ ఎత్తుకుని మోస్తున్నది తన కూతురు. ఆయనకు చెప్పలేనంత గర్వంగా ఉంది, ఇన్ని రోజులు వినలేకపోయినందుకు సిగ్గుగా కూడా ఉంది.

"ఏమండీ, మన పిల్లేనా ఇది?" అన్నది భార్య మెల్లగా. ఆమెకు జలుబు గుర్తే లేదు.

జనం కూడా నిశ్శబ్దంగా విన్నారు. భూకంపం వేళ మనుషులు బెదరకుండా పాట పెట్టడం మంచి పద్ధతని సెక్రటరీ ఎవరికో వివరిస్తున్నాడు. చేపపిల్ల ఆవిడ మాత్రం సీసాలో నీళ్ళ మీద లేస్తున్న వలయాలు చూసి, "ఇంకా వస్తోంది, ఇంకా వస్తోంది" అంటోంది.

మూడో చరణం మొదలయ్యేటప్పుడు గేటు దగ్గర టాక్సీ ఆగింది. కూతురు దిగింది. భుజాన తనకంటే పొడుగు గిటారు సంచి, మొహంలో అరగంట స్టేషన్లో నిలబడిన కోపం. మాస్టారు గబుక్కున వాచీ చూసుకున్నారు. స్టేషను సంగతి తుడిచిపెట్టినట్టు మరిచిపోయారు. ఆ పిల్ల కోపంగా నాలుగడుగులు వేసి, వినపడుతున్నదేమిటో తెలిసి, ఉన్నచోటే బిగుసుకుపోయింది.

"నాన్నా, ఆపు. ఆపెయ్ నాన్నా."

"ఎందుకమ్మా, ఇప్పుడే కదా వినపడుతోంది. నిన్ను వినాలనే ఇదంతా పెట్టించాను. మొన్న వినపడలేదన్నానని నొచ్చుకున్నావు."

"నొచ్చుకున్నానని ఎవరన్నారు? నువ్వలా అనగానే ఎంత హాయిగా ఊపిరి పీల్చుకున్నానో." గొంతు తగ్గించింది. "మూడో చరణంలో తాళం తప్పి ఒక బీటు ముందే దిగిపోయాను. పాటంతా అయిపోయాక గమనించాం. మళ్ళీ రికార్డు చేద్దామంటే మావాళ్ళు, మామూలు స్పీకర్లలో బేసు ఎవరికి వినపడుతుందిలే అన్నారు. నాకు నీ చెవులంటేనే భయం. అందుకే కారులో వినమన్నాను, అందులో ఏమీ వినపడదని నాకు తెలుసు."

మాస్టారు కారు వంకా, అందులో కుక్కిన తువ్వాళ్ళ వంకా, చుట్టూ ఉన్న అయిదంతస్తుల జనం వంకా చూశారు. మామగారు గొంతు సవరించుకుని, పిల్లకు మంచినీళ్ళు తేవడానికని అక్కణ్ణుంచి తప్పుకున్నారు.

"నాకు వినపడింది," అన్నారు మాస్టారు.

"అదేగా నా బాధ."

"అది కాదమ్మా. అంతవరకు నువ్వేనని తెలిసినా, ఎవరో పెద్ద విద్వాంసులు వాయిస్తున్నట్టే ఉంది. అక్కడ తొందరపడి ముందే దిగావు చూడు, అప్పుడు అచ్చం నువ్వేననిపించింది. నాకు ఆ చోటే అన్నిటికంటే నచ్చింది."

కూతురు ఆయన మొహంలోకి చూసింది. అబద్ధం చెప్పడం ఆయనకు రాదని ఆమెకు చిన్నప్పట్నుంచీ తెలుసు. నవ్వొచ్చింది, దానితో పాటు కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. గిటారు సంచి కింద పెట్టి, డిక్కీ అంచు మీద ఆయన పక్కన సర్దుకుని కూర్చుంది.

"మొదట్నుంచి పెట్టు నాన్నా. నేనూ ఇంత బాగా ఎప్పుడూ వినలేదు."

రెండోసారి పాట సగంలో ఉండగా సెక్రటరీకి అసలు సంగతి తెలిసింది. రెండు నిమిషాలు నిరాశగా నిలబడి, తర్వాత అందరూ ఎన్ని నిమిషాల్లో దిగారో లెక్క చూసుకుని తేరుకున్నాడు. సబ్బు నురగ ఎండిపోయినాయనకు కూడా చెప్పి, నచ్చజెప్పి, ఒక్కొక్కరినే పైకి పంపించాడు.

రెండో అంతస్తు ఆవిడ మాత్రం ఆ రోజు భూకంపం నిజంగానే వచ్చిందని, సరిగ్గా మూడో చరణం మొదట్లో వచ్చిందని ఇప్పటికీ అంటుంది.