చెరకు పిప్పి నూనె

1996 చలికాలం. ఆ పొద్దున షఫీక్ వేసుకున్న పథకం సులువైనదే. చోడవరంలో ఏడింటి బస్సెక్కాలి, తను పనిచేసే విశాఖ రిఫైనరీలో దిగాలి, చెరకు పిప్పిని గాలి చొరకుండా కాల్చి తీసిన నూనెను ముడిచమురుతో కలిపి శుద్ధి చేసి చూపించాలి. ఇదివరకు రెండుసార్లు అది విరిగిన పాలలా విడిపోయింది. ఈసారీ చెడితే ప్రయోగం కట్టిపెట్టి తనను స్టోర్సుకు పంపేస్తానని మేనేజరు గణపతిరావు తెగేసి చెప్పాడు.

ఇంట్లో వేరే డబ్బా దొరక్క, పక్కింటి మంగాయమ్మ బెల్లం పాకం పంపిన డబ్బాలోనే నూనె పోసి వరండాలో పెట్టుకున్నాడు. కొంప మునిగింది అక్కడే! ఆ రెండిళ్ల మధ్య ఏ గిన్నే వట్టిగా తిరిగెళ్లదు. తెల్లారే మరో డబ్బా పాకంతో వచ్చిన మంగాయమ్మ, తన పాత డబ్బా నిండుగా ఉండటం చూసి షఫీక్ తల్లి ఖాతూన్ ఏదో పోసి ఉంచిందనుకుంది. దాన్ని పట్టుకెళ్లి, పాకం డబ్బా అక్కడ పెట్టింది. షఫీక్ హడావుడిగా దాన్నే చంకనెత్తుకుని బస్సెక్కాడు.

ల్యాబులో గణపతిరావు ఎదుటే వేడి చమురులోకి వంపాడు. మొదట బుడగలు, తర్వాత నురగ. ఆపైన చమురు పారే గొట్టం పూడుకుపోయి భవనమంతా కమ్మటి వాసన. క్యాంటీను వాళ్లు పళ్లేలతో సహా వచ్చేశారు.

"ఏటయ్యా ఇది, రిఫైనరీయా, బెల్లం వండే పాకా?" అని గణపతిరావు అరిచాడు.

షఫీక్ డబ్బా మూత నాకి చూశాడు. తియ్యగా ఉంది.

"డబ్బా మారిపోయింది సార్! అసలుది ఇంటికాడే ఉంటాది!"

"పద, నేనూ వస్తన్నాను. అది లేకపోయిందా, రేపట్నుంచి నీకు స్టోర్సే!"

జీపు చోడవరం చేరేసరికి మంగాయమ్మ వాకిట్లో మంచాలన్నీ ఎండలో నిలబెట్టి ఉన్నాయి. పక్కనే డబ్బా బోర్లించి ఉంది.

"అత్తా, అందులో నూనేదీ?"

"అది నూనేటి బాబూ? ఆ పొగ కంపుకి నల్లుల మందనుకున్నాను. మీ అమ్మ తలుసుకుని ఇచ్చిందని మంచాలకి పూసేసేను. సూడు, ఒక్కటుందేమో!"

కేకలు విని వచ్చిన ఖాతూన్ నెత్తి కొట్టుకుంది. "నానేటీ ఇవ్వలేదు వదినా! అది నా కొడుకు ఉద్యోగం!"

షఫీక్‌కి ఏడుపొక్కటే తక్కువ. గణపతిరావు వంగి మంచం సందులన్నీ వెతికాడు, నులక విదిలించి చూశాడు. ఒక్క నల్లీ రాలలేదు. ఆలోచిస్తూ మెడ గోక్కున్నాడు.

"ప్రయోగం ఆపకులే షఫీకూ. ఈసారి రెండు డబ్బాలు తియ్యి. ఒకటి రిఫైనరీకి."

"రెండోది సార్?"

"మా క్వార్టర్సుకి."

పిప్పి నూనె ముడిచమురుతో కలిసేదీ లేనిదీ ఇంకా తేలలేదు గానీ, ఆ చలికాలం ఆఫీసర్లంతా హాయిగా నిద్రపోయారు.