చివరి రాయి మర్యాదలు

సిప్పీఘాట్ క్రీకు అనే ఉప్పునీటి పాయ ఒడ్డున ఉన్న పాత జెట్టీ మీద మర్యాద సంపూర్ణంగా నెలకొన్నదనీ, గాలాలు వేసేవారు ఇకపై ఒకరినొకరు తిట్టుకోవడం గానీ తోసుకోవడం గానీ జరగదనీ పాఠకులకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. ఇంతటి ఘనకార్యం ఊరికే జరగలేదు. దీనికోసం ఒక సంఘం పుట్టింది, రెండు శాలువాలు ఖర్చయ్యాయి, ఒక పెద్దమనిషి మోకాళ్లు చెక్కుకుపోయాయి.

ఆ జెట్టీకి పడవలు రావడం మానేసి చాలా కాలమైంది. సగం నీళ్లలోకి కుంగిపోగా, చివర ఒక బల్లపరుపు రాయి మాత్రం మిగిలింది. మడ అడవిలోంచి వచ్చే నీరు ఆ రాయి దగ్గరే క్రీకులో కలుస్తుంది. పోటు మళ్లే వేళకు పండుగప్పలు అక్కడికే వస్తాయి. జెట్టీలో మిగతా భాగానికి చేపలు రావు, మనుషులు వస్తారు. ఆదివారం వస్తే పోర్ట్ బ్లెయిర్‌లోని స్కూటర్లలో సగం అక్కడే ఉంటాయి.

రాయి మీద మాత్రం ఎప్పుడూ అసిరమ్మే ఉండేది. లంబాలైన్‌లో కొడుకు ఇల్లు కట్టాడు, కోడలు మంచిదే, తిండికి లోటు లేదు. కోడలి టీవీ సీరియళ్ల ఏడుపులు భరించలేక గాలం పట్టుకుని ఇక్కడికి వచ్చేసేది. ఆమెకు మర్యాద తెలియదన్నది అందరూ ఒప్పుకున్న విషయమే. జర్దా నమిలి ఎదుటివాడి ఎర డబ్బా పక్కనే ఉమ్మేది. ఎవరి సంచిలోంచి రొయ్య తీసుకున్నా అడిగి తీసుకునేది కాదు.

ఇక మర్యాద తెలిసినవారి సంగతి. సుబ్బరామయ్యగారు కాకినాడ నుంచి సర్కారు ఉద్యోగం మీద వచ్చి, సూపరింటెండెంటుగా రిటైరై, షాదీపూర్‌లో స్థిరపడ్డారు. తాతబ్బాయి ఈ దీవుల్లోనే పుట్టినవాడు. ఓడ టిక్కెట్లు, టూరిస్టు ప్యాకేజీలు అమ్ముతాడు. వీరిద్దరి స్నేహం ఊరంతా మెచ్చుకునేది. సోమవారం నుంచి శనివారం దాకా దానికి తిరుగులేదు.

ఆదివారం పద్ధతి వేరు. ఎవరికైనా చేప పడితే చాలు, మిగతావారంతా అభినందన పూర్వకంగా తమ గాలాలన్నీ సరిగ్గా అక్కడికే విసిరేవారు. అలా ఒకనాడు సుబ్బరామయ్యగారి తాడూ తాతబ్బాయి తాడూ మెలిపడ్డాయి. మధ్యలో ఉన్న పెద్ద పండుగప్ప తెంపుకుని వెళ్లిపోయింది.

"భయ్యా, మీ తాడు నా తాడు మీదికొచ్చింది," అన్నాడు తాతబ్బాయి.

"నా తాడు మొదట్నుంచీ ఇక్కడే ఉందయ్యా. నీదే కిందనుంచి దూరింది."

"సర్వీసంతా ఫైళ్ల మీద కూచున్నారు. అబ్ తాళ్ల మీద కూచుంటున్నారు, ఔర్ క్యా!"

అక్కడి నుంచి సంభాషణ ఇరువైపుల తాతముత్తాతల దాకా వెళ్లింది. ఆ తాతలు గాలం ముట్టినవారు కారు. అయినా వారిని వదల్లేదు. మర్నాటి నుంచి తాతబ్బాయి షాదీపూర్ ఇంటికి కాఫీకి వెళ్లడం మానేశాడు. సుబ్బరామయ్యగారి భార్య శేషమ్మ కొన్నాళ్లు అలవాటు కొద్దీ అతని గ్లాసు కూడా కడిగి పెట్టి, తర్వాత దాన్ని అటక మీద పెట్టేసింది. సాయంత్రాలు వరండాలో ఆయన ఒక్కరే కూర్చుని గేటు వైపు చూసేవారు. కుక్క కోసం చూస్తున్నానని చెప్పేవారు. వాళ్లింట్లో కుక్క లేదు.

ఈ దుస్థితి చూసి చలించినవాడు తెలుగు మాస్టారు ఉదయ్‌కుమార్. సమోసాలు తెప్పించి, అందరినీ పిలిచి, జెట్టీ మర్యాద పరిరక్షణ సంఘం స్థాపించాడు. సుబ్బరామయ్యగారు అధ్యక్షులు, తాతబ్బాయి ఉపాధ్యక్షుడు, మాస్టారు కార్యదర్శి. గాలం విసిరే ముందు కుడి ఎడమల వారి అనుమతి తీసుకోవాలనీ, ఒకరికి చేప పడితే మిగతావారు గాలాలు దించి చప్పట్లు కొట్టాలనీ, పరుల గాలపు కర్రను అనుమతి లేకుండా ముట్టరాదనీ ఏకగ్రీవంగా తీర్మానించారు. పాత మిత్రులు కరచాలనం చేసుకున్నారు. ఫోటో కోసం మరోసారి చేసుకున్నారు.

సంఘం చేపట్టిన మొదటి మర్యాద అసిరమ్మను రాయి మీద నుంచి లేపడం. ఆమెకు సన్మానం ఏర్పాటు చేశారు. ఉదయ్‌కుమార్ గొంతు సవరించుకున్నాడు.

"మాతృమూర్తీ! ఈ క్రీకుకు మీరు తల్లి వంటివారు. తల్లి స్థానం ఒక మొరటు రాయి మీద కాదు, బిడ్డల గుండెల్లో. కావున తమరు ఆ రాయిని ఖాళీ చేసి మా గుండెల్లోకి దయచేయవలసిందిగా సవినయంగా కోరుతున్నాము."

"గుండెల్లో సేపలు పడతాయేటి, బావు?" అంది అసిరమ్మ.

చప్పట్లలో ఆ ప్రశ్న ఎవరికీ వినపడలేదు. శాలువా కప్పారు, చెరో చేయీ పట్టుకుని లేపారు, నమస్కరిస్తూ నమస్కరిస్తూ ఆమెను ఒడ్డున బురద దాకా సాగనంపారు. ఆమె శాలువాను బురద మీద పరుచుకుని, దాని మీద కూర్చుని గాలం వేసింది. సన్మానాన్ని ఇంత బాగా వినియోగించుకున్నవారు అరుదు.

ఆపైన జెట్టీ మీద నాగరికత వెల్లివిరిసింది. "మీరు కూర్చోండి" అంటూ సుబ్బరామయ్యగారు రాయి మీద ఒక కాలు పెట్టేవారు. "అయ్యయ్యో, పెద్దలు మీరుండగానా" అంటూ తాతబ్బాయి దాని మీద సంచి పెట్టేవాడు. కుడివైపు అనుమతి దొరికేసరికి ఎడమవైపు మనిషి టీకి వెళ్లేవాడు. అతను తిరిగి వచ్చేసరికి పోటు మళ్లిపోయేది. క్రీకులో చేపలు బాగా పెరిగాయి. వాటిని వెతుక్కుంటూ ఇంకొకరు కూడా వచ్చారన్న సంగతి సంఘం దృష్టికి రాలేదు.

ఆ ఆదివారం రాయి మీద సుబ్బరామయ్యగారు ఉన్నారు. కర్ర ఒక్కసారిగా విల్లులా వంగింది. నీళ్లలో పండుగప్ప వెండిలా మెరిసింది. నియమం ప్రకారం అందరూ గాలాలు దించి చప్పట్లు మొదలుపెట్టారు. అంతలో చేప వెనక నీరు ఉబ్బింది, ఒక పొడవాటి నోరు తెరుచుకుంది, మూసుకుంది. చప్పట్లు ఆగిపోయాయి.

తాడు గట్టిది, తెగలేదు. సుబ్బరామయ్యగారు అంతకంటే గట్టివారు, వదల్లేదు.

"అది నాది! ముందు నేను పట్టాను!" అని మొసలికి చెప్పారు. మొసలి సంఘ సభ్యురాలు కాదు. అది వెనక్కి జరిగింది, ఆయన ముందుకు జరిగారు. రాయి మీద నాచు. చెప్పులు జారుతున్నాయి.

వెనకే ఉన్న తాతబ్బాయి చెయ్యి గబుక్కున ముందుకు వెళ్లి, కర్రకు జానెడు దూరంలో ఆగింది.

"భయ్యా, కర్ర పట్టుకోమంటారా?"

సుబ్బరామయ్యగారు కార్యదర్శి వైపు తల తిప్పారు. అటువంటి అనుమతి అధ్యక్షులు తనకు తానుగా ఇవ్వవచ్చునా, సభ్యుల్ని సంప్రదించాలా అన్నది నియమాల్లో స్పష్టంగా లేదని ఉదయ్‌కుమార్ ఒడ్డు మెట్లెక్కి నిలబడి చెప్పాడు. బాగా పైమెట్టు.

ఈలోగా బురదలోంచి అసిరమ్మ వచ్చింది. దారిలో ఉన్న ఇద్దరు సభ్యుల్ని మోచేత్తో తోసింది. క్షమించమని కూడా అడగలేదు.

"ఒరే ఒగ్గీరా! కర్ర ఒగ్గీ! ఛోడ్ దే రే, సచ్చిపోతావు!"

కాలరు పట్టుకుని ఒక్క లాగు లాగింది. చొక్కా చిరిగింది. సుబ్బరామయ్యగారు ఆమె మీద, ఆమె తాతబ్బాయి మీద, ముగ్గురూ రాళ్ల మీద పడ్డారు. కర్ర క్రీకులోకి వెళ్లిపోయింది. ఆయన మోకాళ్ల నుంచి రక్తం కారుతోంది. తాతబ్బాయి ఆయన్ని కౌగిలించుకుని బావురుమన్నాడు.

"అడుగుతూ కూచున్నాను భయ్యా... నీకేమైనా అయ్యుంటే!" అన్నాడు. వారి పరిచయంలో తాతబ్బాయి నోట మొదటిసారి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఆయన దాన్ని పట్టించుకోకుండా అతని భుజం గట్టిగా పట్టుకుని కూర్చున్నారు.

ఆ సాయంత్రమే శేషమ్మ లంబాలైన్ వెళ్లి అసిరమ్మ చేతులు పట్టుకుంది. "కాలరుతో వదిలేశావేం వదినా, రెండు తగిలించకపోయావా?" అని ఏడుస్తూ నవ్వింది. తాతబ్బాయి మళ్లీ కాఫీకి రావడం మొదలుపెట్టాడు.

సంఘం మాత్రం తన బాధ్యత మరువలేదు. అత్యవసర సమావేశంలో కర్రకు సంతాపం తెలిపారు. అధ్యక్షులవారిని బహిరంగంగా 'ఒరే' అనడం, అనుమతి లేకుండా కాలరు పట్టడం తీవ్రమైన అమర్యాదలని గుర్తించి, వయసును దృష్టిలో పెట్టుకుని అసిరమ్మను క్షమించారు. అధ్యక్షులు లేచి ఏదో అనబోయారు. చప్పట్లలో వినపడలేదు.

మొసలి వెళ్లలేదు. చివరి రాయి పక్కనే ఎండ కాచుకోవడం మొదలుపెట్టింది. అటవీ సిబ్బంది వచ్చి, దూరంగా ఉండమని బోర్డు పెట్టారు. బోర్డును లెక్కచేయడం ఆ జెట్టీ చరిత్రలో అదే ప్రథమం. ఇప్పుడక్కడ ఎవరూ గొంతు పెంచరు. ఒకరి తాడు మీద ఒకరు తాడు వేయరు. మొసలి వైపు వీపు పెట్టి కూర్చోరు. అది ఆవులిస్తే నలుగురు లేచి నిలబడతారు. 'అది' అనడం కూడా తగ్గింది, 'వారు ఇంకా అక్కడే ఉన్నారా' అని అడుగుతున్నారు.

రాయి విషయంలోనూ న్యాయం జరిగింది. ఆ స్థానం అసిరమ్మదేనని సంఘం తీర్మానించి, ఆమెను తిరిగి కూర్చోబెట్టడానికి కొత్త శాలువాతో లంబాలైన్ వెళ్లింది.

అసిరమ్మ శాలువా తీసుకుంది. కార్యదర్శికి గుమ్మం వైపు దారి చూపించింది.

"ముందు మీరెల్లండి, బావు. మరియాద నాకూ తెలుసు."

ఇటువంటి సంస్కారం మీ ఊళ్లో సాధ్యమా అని పాఠకులు నిరాశ పడనవసరం లేదు. సంఘం అక్కర్లేదు, ఉపన్యాసాలు అక్కర్లేదు. ఈమధ్య మీరు ఎవరిని చూసి ఉలిక్కిపడి లేచి, కుర్చీ తుడిచి మరీ ఇచ్చారో ఒకసారి గుర్తు చేసుకోండి. వారి మంచితనం చూసి లేచారో, పళ్లు చూసి లేచారో మీకే తెలుస్తుంది.